మాంట్‌గమరీ, అలబామా: ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏ వరసలో చూడాలి

అట్లాంటా తెలుగువాళ్లు డెస్టిన్ బీచ్‌కి వెళ్లేటప్పుడు మాంట్‌గమరీ మీదుగానే పోతారు. చాలామందికి అది గ్యాస్ కొట్టించుకుని, కాఫీ తాగి బయల్దేరే ఊరు. అమెరికా దక్షిణాది చరిత్రలో సగం ఒక కిలోమీటరు రోడ్డు మీద పరుచుకుని ఉన్న రాజధాని ఇంకొకటి లేదు కాబట్టి, అక్కడ రెండు రోజులు ఆగడం దండగ కాదు. అయితే రోజులు సరిగా ఎంచుకోకపోతే సగం తలుపులు మూసే ఉంటాయి.

ముందు ఆ సంగతి చూద్దాం. బానిసత్వం, నల్లజాతివాళ్ల మీద జరిగిన మూక హత్యల చరిత్ర చెప్పే లెగసీ మ్యూజియం, దానికి అనుబంధంగా ఉన్న స్మారకం, శిల్పాల పార్కు సోమ, మంగళవారాల్లో తెరవరు. బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వనని అరెస్టయిన రోజా పార్క్స్ పేరిట ఉన్న మ్యూజియానికి ఆదివారం సెలవు. రాష్ట్ర ప్రభుత్వ భవనమైన కాపిటల్ లోపలికి వెళ్లాలంటే పనిదినాలే నమ్మకం. డెక్స్‌టర్ అవెన్యూ చర్చి లోపల చూపించే టూర్‌కు ముందుగా బుక్ చేసుకోవాలి, తలుపు దగ్గరికి వెళ్లి అడిగితే కుదరదు. వారాంతం కలుపుకుని వెళ్లేవాళ్లకు ఇవన్నీ కలిసొచ్చేది శుక్ర, శనివారాల్లోనే. మన అలవాటు కొద్దీ శని, ఆదివారాలకు ప్లాన్ వేస్తే కాపిటల్ లోపలి భాగం పోయినట్టే. లాంగ్ వీకెండ్ సోమవారం పరిస్థితి ఇంకా అన్యాయం.

అట్లాంటా నుంచి ఐ-85 మీద సుమారు 160 మైళ్లు, రెండున్నర గంటల ప్రయాణం. అలబామాలో సెంట్రల్ టైమ్ కాబట్టి వెళ్లేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది. పొద్దున్న ఏడింటికి బయల్దేరితే అక్కడి గడియారం ప్రకారం ఎనిమిదిన్నరకే ఊళ్లో ఉంటారు. తిరుగు ప్రయాణంలో ఆ గంట వడ్డీ లేకుండా వెనక్కి ఇచ్చేయాలి. బర్మింగ్‌హామ్ నుంచి ఐ-65 మీద 90 మైళ్లే. ఆమ్‌ట్రాక్ రైలు ఈ ఊరికి లేదు. విమానాశ్రయం ఉన్నా సర్వీసులు తక్కువ. ఇండియా నుంచి వచ్చినవాళ్లయితే అట్లాంటాలో దిగి కారు అద్దెకు తీసుకోవడమే తేలిక.

బస విషయంలో రెండే దారులు. ఒకటి డౌన్‌టౌన్: కన్వెన్షన్ సెంటర్‌ను ఆనుకుని ఉన్న రెనసాన్స్, లేదా పాత గోదాములను కలుపుకుని 2023లో మొదలైన ట్రిలజీ. రెండింటి నుంచీ లెగసీ మ్యూజియానికీ కోర్ట్ స్క్వేర్‌కీ నడిచే పోవచ్చు. కాకపోతే గది అద్దె మీద పార్కింగ్ ఖర్చు విడిగా పడుతుంది, బుకింగ్ తెర మీద కనిపించే ధరలో అది ఉండదు. రెండోది ఐ-85 పక్కన ఈస్ట్‌చేజ్ వైపు ఉన్న చైన్ హోటళ్లు: పార్కింగ్ ఉచితం, టిఫిన్ గదితోపాటే, ఊళ్లోకి కారులో పావుగంట. పిల్లలతో, కూలర్ పెట్టెతో, రైస్ కుక్కర్‌తో వెళ్లే కుటుంబాలకు ఇదే నయం. పెద్దవాళ్లను తీసుకెళ్తే మాత్రం డౌన్‌టౌన్‌కే ఓటు, ఎందుకంటే మధ్యాహ్నం గదికొచ్చి ఒక గంట నడుం వాల్చడానికి వీలుంటుంది. మూడో రకం బస ఒకటుంది, అందరికీ నప్పదు: ఫెల్డర్ అవెన్యూలో నవలా రచయిత స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్, భార్య జెల్డా 1931-32లో అద్దెకున్న ఇల్లు. కింద మ్యూజియం, పై అంతస్తు గదులు రాత్రి బసకు ఇస్తారు. జెల్డా పుట్టింది (1900) ఈ ఊళ్లోనే. సైన్యంలో చేరి క్యాంప్ షెరిడాన్‌కు వచ్చిన స్కాట్ ఆమెను కలిసిందీ ఇక్కడే, 1918లో. పాత ఇల్లు, మెట్లు ఎక్కాలి. సాహిత్యం మీద మమకారం ఉంటే తప్ప వద్దు.

మార్చి మొదటి వారాంతంలో దగ్గర్లోని సెల్మా ఊళ్లో, 1965 నాటి ఓటు హక్కు పాదయాత్ర గుర్తుగా వంతెన దాటే ఉత్సవం జరుగుతుంది, అప్పుడు మాంట్‌గమరీ గదులు కూడా నిండిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా విజయవాడ వేసవి గుర్తొస్తుంది, అదే ఉక్క. అక్టోబరు, నవంబరు, లేదంటే మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా హాయి.

మొదటి రోజు శుక్రవారం అనుకుందాం. పొద్దున్నే గుట్ట మీదినుంచి మొదలుపెట్టి కిందికి దిగడం మంచిది. కాపిటల్ ఉన్న చోటును గోట్ హిల్ అంటారు, ఒకప్పుడు మేకలు మేసిన దిబ్బ. 1819లో పక్కపక్కనున్న రెండు ఊళ్లు కలిసి మాంట్‌గమరీ అయినప్పుడు, ఊరి స్థాపకుల్లో ఒకడైన ఆండ్రూ డెక్స్‌టర్ ఎప్పటికైనా రాజధాని ఇక్కడికి వస్తుందని ఆ దిబ్బను ఖాళీగా అట్టిపెట్టాడు. రాజధాని టస్కలూసా నుంచి 1846లో నిజంగానే వచ్చింది. మొదట కట్టిన భవనం 1849లో కాలిపోతే ఇప్పుడున్నది 1851 నాటికి లేచింది. ప్రవేశం ఉచితం. లోపల ఆధారం లేకుండా గాల్లో తేలుతున్నట్టు మెలితిరిగి పైకి పోయే మెట్లను తీరిగ్గా చూడాలి. అవి హొరేస్ కింగ్ పనితనమని చెబుతారు. బానిసగా పుట్టి, వంతెనలు కట్టడంలో పేరు తెచ్చుకుని, 1846లో స్వేచ్ఛ పొందిన మనిషి. అంతర్యుద్ధం తర్వాత ఇదే రాష్ట్ర శాసనసభలో సభ్యుడయ్యాడు. గోడల మీది పెద్ద పెద్ద చిత్రాలకంటే ఈ మెట్లే ఎక్కువ కథ చెబుతాయి.

బయట పడమటి వరండాలో నేలలో ఒక ఇత్తడి నక్షత్రం కనిపిస్తుంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన రాష్ట్రాల కూటమికి అధ్యక్షుడిగా జెఫర్సన్ డేవిస్ 1861 ఫిబ్రవరి 18న ప్రమాణం చేసిన చోటు అది. మే నెలాఖరుకు ఆ కూటమి రాజధాని రిచ్‌మండ్‌కు మారింది. 1963 జనవరిలో గవర్నర్ జార్జ్ వాలెస్ వర్ణవివక్ష ఎప్పటికీ ఉండాలని ప్రసంగించడానికి కావాలనే ఈ చోటే ఎంచుకున్నాడు. రెండేళ్లకు, 1965 మార్చి 25న, ఓటు హక్కు కోసం సెల్మా నుంచి 54 మైళ్లు నడిచివచ్చిన జనం ఆ మెట్ల కింది వీధి నిండా నిలబడ్డారు. నక్షత్రం దగ్గర నిలబడి కిందికి చూస్తే మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా ఉన్న ఎర్ర ఇటుకల డెక్స్‌టర్ అవెన్యూ చర్చి ఒక్క వీధి దూరంలోనే కనబడుతుంది.

కాపిటల్ ఆవరణలో డాక్టర్ మారియన్ సిమ్స్ విగ్రహం కూడా ఉంది. 1840లలో ఈ ఊళ్లో బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా శస్త్రచికిత్సలు చేసి పేరు గడించిన వైద్యుడు. దాన్ని చూశాక మిల్డ్రెడ్ స్ట్రీట్‌లో కళాకారిణి మిషెల్ బ్రౌడర్ 2021లో నిలబెట్టిన, ఆ స్త్రీలలో ముగ్గురైన ఆనార్కా, లూసీ, బెట్సీల లోహపు బొమ్మలను కూడా చూస్తేనే లెక్క సరిపోతుంది.

ఎదురుగా ఉన్న ఆర్కైవ్స్ భవనంలోని మ్యూజియం ఉచితం, చల్లగా ఉంటుంది, బాత్రూములు శుభ్రం. ఒకటిన్నర గంట కేటాయించండి. దాని పక్కనున్న డేవిస్ నివాసానికి ఇరవై నిమిషాలు చాలు. బల్లలూ కుర్చీలూ చూపించి, ఆ ఇంటిని నడిపించిన బానిసల గురించి తక్కువ చెప్పే తరహా ప్రదర్శన అది. టైము లేకపోతే నిర్మొహమాటంగా వదిలేయొచ్చు.

చర్చి టూర్ మాత్రం వదలొద్దు. మార్టిన్ లూథర్ కింగ్ 1954లో పాస్టర్‌గా వచ్చేనాటికి వయసు పాతికేళ్లు. ఇక్కడ పాస్టర్‌గా ఉండగానే 1959లో మన దేశానికి వచ్చి నెల రోజులు తిరిగాడు. జాక్సన్ స్ట్రీట్‌లో ఆయన కాపురమున్న ఇంటి మీద 1956 జనవరి 30న బాంబు వేశారు. ఆ ఇల్లు కూడా చూడొచ్చు, దానికీ ముందే అడిగి పెట్టుకోవాలి. గాంధీ ప్రస్తావన ఈ ఊళ్లో కింగ్‌తోనే మొదలుకాలేదన్నది మనవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. సిటీ బస్సుల్లో వర్ణవివక్షకు నిరసనగా నల్లజాతివాళ్లు 1955 డిసెంబరులో చేపట్టిన బస్సుల బహిష్కారం మొదలైన వారానికే జూలియట్ హ్యాంప్టన్ మోర్గన్ అనే తెల్లజాతి లైబ్రేరియన్ దాన్ని ఉప్పు సత్యాగ్రహంతో పోలుస్తూ స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. తనవాళ్ల వేధింపులు తట్టుకోలేక 1957లో ప్రాణం తీసుకుంది. ఇప్పుడు ఊరి ప్రధాన గ్రంథాలయానికి ఆమె పేరే.

అక్కడినుంచి డెక్స్‌టర్ అవెన్యూ వెంట దిగితే కోర్ట్ స్క్వేర్. 1885 నాటి ఫౌంటెన్, రోజా పార్క్స్ విగ్రహం, ఒకప్పుడు మనుషుల్ని వేలం వేసిన స్థలం, అంతర్యుద్ధానికి నాంది పలికిన సమ్టర్ కోట కాల్పులకు తంతి ఆదేశం వెళ్లిన వింటర్ బిల్డింగ్, అన్నీ ఇక్కడే. నడక అంతా కలిపి కిలోమీటరే అయినా నీడ తక్కువ, టోపీ, నీళ్లు తప్పనిసరి. కారు పైన వదిలేసి కిందికి నడిస్తే మళ్లీ గుట్ట ఎక్కాలి. కిందనే పార్క్ చేసి, పొద్దున్న ఉబర్‌లో పైకి పోవడం తెలివైన పని.

రోజా పార్క్స్ మ్యూజియం 1955 డిసెంబరు 1న ఆమెను అరెస్టు చేసిన స్టాపు దగ్గరే ఉంది. లోపలి బస్సు అసలుది కాదు, అసలు బస్సు మిషిగన్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఇక్కడి విలువ మిగతా పేర్లలో ఉంది. పార్క్స్‌కంటే తొమ్మిది నెలల ముందే అరెస్టయిన పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్, రాత్రికి రాత్రి వేలాది కరపత్రాలు తీసిన జో ఆన్ రాబిన్సన్, వంటలు అమ్మి ఉద్యమానికి డబ్బు పోగుచేసిన జార్జియా గిల్మోర్. 381 రోజుల పోరాటాన్ని కోర్టులో గెలిపించిన కేసులో వాది పార్క్స్ కాదు, కాల్విన్‌తో కలిపి నలుగురు వేరే మహిళలు. అక్కడికి దగ్గర్లోనే పాత గ్రేహౌండ్ స్టేషన్‌లో ఫ్రీడమ్ రైడ్స్ మ్యూజియం ఉంది. దూర ప్రయాణపు బస్సుల్లో వర్ణవివక్షను ధిక్కరిస్తూ వచ్చిన జాన్ లూయిస్ తదితరులను 1961 మే 20న మూక కొట్టింది ఈ స్టేషన్ దగ్గరే. చిన్నదే, గంటలోపు అయిపోతుంది.

శనివారం పూర్తిగా లెగసీ సైట్లకు. 5 డాలర్ల టికెట్ ఒక్కటే మూడు చోట్లకూ చెల్లుతుంది, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. తెరిచే వేళకే మ్యూజియంలో ఉండాలి, కనీసం మూడు గంటలు. ఫొటోలు తీయనివ్వరు. జనాన్ని మూకలు చంపిన చోట్ల నుంచి తెచ్చిన మట్టి జాడీల గోడ ముందు పెద్దవాళ్లకే కాళ్లాడవు. పదేళ్లలోపు పిల్లలను ఇక్కడికి తేకపోవడమే మంచిది, ఒకరు వాళ్లతో నది ఒడ్డున ఉండి వంతులవారీగా చూడండి. తర్వాత 17 ఎకరాల శిల్పాల పార్కు: పడవలో వెళ్లొచ్చు, వాతావరణం బాగాలేకపోతే షటిల్ బస్సు. స్మారకం చివరికి ఉంచుకోండి. మూక హత్యలకు బలైనవాళ్ల పేర్లతో ఎనిమిది వందలకు పైగా ఉక్కు దిమ్మెలు, కౌంటీకి ఒకటి. మొదట కళ్ల ఎత్తులో ఉంటాయి, నడుస్తున్న కొద్దీ నేల దిగిపోయి అవి తల మీద వేలాడతాయి. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్తే నింపాదిగా పేర్లు చదవొచ్చు, మూసే వేళకు గంటన్నర ముందైనా చేరాలి.

తిండి. మ్యూజియం పక్కనే ఉన్న ప్యానీ-జార్జెస్ కిచెన్‌లో దక్షిణాది భోజనం దొరుకుతుంది. శాకాహారులకు ఈ ప్రాంతపు వంటలో ఒక మెలిక ఉంది: కాలర్డ్ ఆకుకూర, బొబ్బర్ల కూర చూడ్డానికి మన వంటల్లానే ఉంటాయి, కానీ చాలాచోట్ల పొగబెట్టిన పంది మాంసంతో ఉడికిస్తారు. బెండకాయ వేపుడు కూడా చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తుండొచ్చు. "వెజిటేరియనేనా" అని కాకుండా "ఇందులో మాంసం ముక్క గానీ రసం గానీ వేశారా" అని అడగాలి. మాక్ అండ్ చీజ్, చిలగడదుంప, కార్న్‌బ్రెడ్ చాలావరకు క్షేమం. హ్యుండయ్ కార్ల కర్మాగారం 2005లో వచ్చాక తూర్పు మాంట్‌గమరీలో కొరియన్ హోటళ్లు బాగా పెరిగాయి, అన్నం కోసం ముఖం వాచినవాళ్లకు అదొక ఆసరా.

మిగిలిన సమయంలో హ్యాంక్ విలియమ్స్ మ్యూజియం కంట్రీ పాటలు ఎరిగినవాళ్లకే. ఆయన ప్రాణం పోయిన కారు అక్కడే ఉంది. ఈ ఊళ్లోనే పుట్టిన గాయకుడు నాట్ కింగ్ కోల్, సోయా నుంచి హార్మోన్లు తయారుచేసే దారి చూపిన రసాయన శాస్త్రవేత్త పెర్సీ జూలియన్‌ల గురించి అడిగేవాళ్లు తక్కువ.

ఆదివారం తిరిగి వెళ్తూ సెల్మా చూడాలంటే యు.ఎస్. 80 మీద పడమరకు 50 మైళ్లు, అంటే అట్లాంటాకు సరిగ్గా వ్యతిరేక దిశ. రానూపోనూ రెండు గంటలు కలుపుకోండి. ఎడ్మండ్ పెట్టస్ వంతెనకు సెల్మా ఊరి వైపు కారు ఆపి, నడిచి అవతలికి దాటి వెనక్కి రావడం బాగుంటుంది. దారిలో తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, మధ్యాహ్న భోజనం మాంట్‌గమరీలోనే కట్టించుకుని, ట్యాంకు కూడా అక్కడే నింపుకుని బయల్దేరండి.