పార్సిల్‌లో మెత్తకు ఏది మేలు: గడ్డి, బబుల్ ర్యాప్, థర్మాకోల్, ఫోమ్

పార్సిల్ కట్టేవారు లోపల వేసే మెత్తను ఎంచుకునేటప్పుడు సాధారణంగా రెండే చూస్తారు: చేత్తో నొక్కితే ఎంత మెత్తగా ఉంది, ధర ఎంత. రెండూ చూడవలసినవే గానీ, సీసా నిలుస్తుందా పగులుతుందా అన్నది ఆ రెంటితో తేలదు. పెట్టె కింద పడినప్పుడు లోపలి వస్తువు ఎంత దూరం దిగి ఆగుతుందన్నదే అసలు లెక్క. నడుము ఎత్తు నుంచి, అంటే సుమారు 90 సెంటీమీటర్ల నుంచి జారిన పెట్టె నేలను తాకేసరికి గంటకు 15 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. లోపలి సీసా ఆ తర్వాత 3 సెంటీమీటర్లు దిగి ఆగితే దాని మీద పడే తాకిడి సగటున గురుత్వాకర్షణకు 30 రెట్లు. 3 మిల్లీమీటర్లలోనే ఆగిపోతే 300 రెట్లు. ఆ దూరాన్ని సంపాదించిపెట్టడమే మెత్త పని.

ఆ దూరం మెత్త ఒక్కదాని గుణం మీదనే ఆధారపడదు. దాని మీద ఆనుకున్న బరువుతో కలిసి తేలుతుంది. తేలికైన బొమ్మ కింద గట్టి థర్మాకోల్ పలక పెడితే ఆ పలక నలగనే నలగదు, కాబట్టి బొమ్మను చెక్క మీద పడేసినట్టే. బరువైన సీసా చుట్టూ ఒక్క వరుస బుడగల షీటు చుడితే అది మొదటి దెబ్బకే పూర్తిగా అణిగిపోతుంది. ఆపైన మిగిలేది అట్ట, దాని కింద నేల. అందుకే ‘అన్నిటికీ ఇదే మంచిది’ అని చెప్పగల మెత్త ఏదీ లేదు. మన ఇళ్ల నుంచి, అంగళ్ల నుంచి తరచుగా బయలుదేరే రెండు వస్తువులను, కిలో ఆవకాయ పట్టిన గాజు సీసాను, కొండపల్లి బొమ్మను, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తేటపడుతుంది.

వరిగడ్డితో మొదలుపెడదాం. నూజివీడు మామిడికి గడ్డి పరుపు ఇప్పటికీ సరైన ఎంపికే, ఎందుకంటే అది కాయల మధ్య సందులన్నీ నింపడమే గాక వెచ్చదనాన్ని పట్టి ఉంచి కాయ మాగడానికి తోడ్పడుతుంది. గాజుకు మాత్రం అది నమ్మదగినది కాదు. లారీ కుదుపులకు గడ్డి క్రమంగా కిందికి సర్దుకుంటుంది. పెట్టె కట్టినప్పుడు నిండుగా ఉన్నది చేరేసరికి పైన నాలుగు వేళ్ల ఖాళీ మిగులుస్తుంది, ఆ ఖాళీలో సీసా ఎగిరెగిరి పడుతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. విదేశాలకైతే ఆ ఆలోచనే వద్దు: పురుగులు, తెగుళ్లు వెంట వస్తాయన్న కారణంతో చాలా దేశాలు గడ్డితో కట్టిన సరుకును లోపలికి రానివ్వవు.

నలిపిన పాత పేపర్లది ఖాళీ నింపే పనే తప్ప దెబ్బ కాచే పని కాదు. ఒకసారి అణిగిన కాగితం తిరిగి లేవదు. ముడతల అట్ట సంగతి వేరు. న్యూయార్క్‌కు చెందిన ఆల్బర్ట్ జోన్స్ 1871లో దానికి పేటెంటు పొందినది పెట్టెలు చేయడానికి కాదు, సీసాలకూ లాంతరు చిమ్నీలకూ చుట్టడానికే. ఈనాటికీ ఒకే పెట్టెలో రెండు మూడు సీసాలు పంపేటప్పుడు వాటి మధ్య అట్ట అడ్డలు తప్పనిసరి, ఎందుకంటే గాజుకు నేల కంటే పక్క సీసా పెద్ద శత్రువు.

బబుల్ ర్యాప్ 1957లో న్యూజెర్సీలో ఇద్దరు ఇంజినీర్లు కొత్తరకం గోడ కాగితం చేయబోయినప్పుడు పుట్టింది. గోడకు అది అతకలేదు గానీ, ఐబీఎం తన 1401 కంప్యూటర్లను రవాణా చేయడానికి వాడడంతో దాని దశ తిరిగింది. తేలికైన వస్తువులకు దీనికి సాటి వచ్చేవి తక్కువ. దీని బలహీనత బుడగలోని గాలిలోనే ఉంది: బరువైన వస్తువు రోజుల తరబడి ఒకే వైపు ఆనుకుని ఉంటే ఆ వైపు బుడగల్లోని గాలి కొద్దికొద్దిగా తగ్గిపోతుంది, చివరి మజిలీలో దెబ్బ తగిలే వేళకు అక్కడ మిగిలేది రెండు పొరల ప్లాస్టిక్కే. కాబట్టి ఆవకాయ సీసాకు ఇది పై చుట్టుగా పనికివస్తుంది, అడుగు మెత్తగా పనికిరాదు.

కొండపల్లి బొమ్మకు ఇదే నా ఎంపిక, అయితే ఒక జాగ్రత్తతో. తెల్లపొణికి కర్ర చాలా తేలిక కాబట్టి బొమ్మ తన బరువుకు తాను పగలడం అరుదు. విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దెబ్బ తగిలితే ఊడేది ఆ అతుకుల దగ్గరే. ఎద్దు కొమ్ములు, తాటి ఆకులు, బండి చక్రాలు బయటికి పొడుచుకుని ఉంటాయి. బుడగల షీటును బిగించి చుడితే ఆ బిగింపే కొమ్మును విరుస్తుంది. ముందుగా కొమ్ముల మధ్య, కాళ్ల మధ్య ఉన్న సందులను పల్చని టిష్యూ కాగితపు ఉండలతో నింపి, బొమ్మ మొత్తం ఒక ముద్దలా అయ్యాక, బుడగలు లోపలి వైపుకు వచ్చేలా వదులుగా రెండు చుట్లు చుట్టాలి. టేపు షీటుకే అంటాలి. రంగుకు అంటితే రంగు లేచి వస్తుంది.

థర్మాకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలే. చిన్న గింజలను ఆవిరితో పొంగించి, అచ్చులో ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తారు. టీవీలు, ఫ్రిజ్‌ల వంటి బరువైన వస్తువుల మూలలకు అచ్చుపోసి అమర్చినప్పుడు తక్కువ ఖర్చుతో ఇంత పని చేసేది మరొకటి దొరకదు. అయితే దాని సత్తా మొదటి దెబ్బకే. నలిగిన చోటు తిరిగి పొంగదు, అదే మూల మీద రెండోసారి పడితే కాచేది తక్కువ. అంగడిలో పలక కొని కత్తితో కోసి సీసా చుట్టూ దోపడం మరీ అధ్వాన్నం: పలక సీసా గుండ్రదనానికి ఒదగదు, ఆనిన ఒకటి రెండు చోట్లే బరువంతా పడుతుంది, పైగా రాలిన గింజలు విప్పినవారి చేతులకు, చీరలకు అంటుకుని దులిపినా పోవు. 2022 జూలై 1 నుంచి అమలైన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధంలో ఉన్నది అలంకరణకు వాడే థర్మాకోల్. ప్యాకింగ్‌కు వాడేది ఆ జాబితాలో లేదు. వాడిన తర్వాత దాన్ని ఎక్కడ వేయాలన్న చిక్కు మాత్రం అలాగే ఉంది.

జామకాయలకు, యాపిళ్లకు తొడిగే తెల్లని వల ఏ పదార్థంతో తయారవుతుందో అదే ఈపీఈ ఫోమ్, అంటే పొంగించిన పాలిథిన్. దీని గొప్పతనం నలిగినా తిరిగి లేవడంలో ఉంది. కొరియర్‌లో పార్సిల్ చేతులు మారి, వాహనాలు మారి, ఎన్నిసార్లు పడుతుందో చెప్పలేం కాబట్టి పదే పదే దెబ్బ తట్టుకునే గుణానికి విలువ ఎక్కువ. ధర థర్మాకోల్ కంటే ఎక్కువే. రెండు మూడు మిల్లీమీటర్ల పల్చని ఫోమ్ షీటు గీతలు పడకుండా మాత్రమే కాపాడుతుంది. దెబ్బ కాయాలంటే మందపాటి పలకలే కావాలి. సీసా 3 సెంటీమీటర్లు దిగాలంటే పలక 5 సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదు, ఎందుకంటే ఏ ఫోమ్ అయినా సగానికి కొంచెం పైగా అణిగాక గట్టిపడిపోతుంది.

గుడ్ల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కాగితపు గుజ్జుతో చేసిన 30 గుడ్ల ట్రేకు పోటీ లేదు. అది మెత్తదనంతో గాక, ప్రతి గుడ్డునూ విడిగా పక్కల నుంచి పట్టుకునే ఆకారంతో కాపాడుతుంది. వానాకాలపు చెమ్మే దానికి గండం.

ఇక ఆవకాయ సీసాకు నా తీర్పు: అడుగున, పైన, నాలుగు పక్కల 5 సెంటీమీటర్ల ఈపీఈ ఫోమ్, సీసాకు రెండు చుట్లు బబుల్ ర్యాప్, మూతకు విడిగా ప్లాస్టిక్ సంచి. అయితే ఇక్కడే ఖర్చు లెక్క అడ్డం వస్తుంది. విమానంలో వెళ్లే పార్సిళ్లకు కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న సీసాకు ఈ మెత్తంతా పెడితే పెట్టె కనీసం 20, 20, 25 సెంటీమీటర్లు అవుతుంది, అంటే కనీసం 2 కిలోల ఛార్జీ. అందువల్ల ఊళ్ల మధ్య పంపే సీసాకు ఫోమ్ సమంజసమే గానీ, అమెరికాలో ఉన్న పిల్లలకు పంపే పచ్చడి విషయంలో ఏ మెత్త మేలని వెతకడం కంటే గాజును మానేసి, సీలు వేసిన రెండు పొరల కవర్లలో పంపడమే మేలు.