సెమినరీలో నేరుగా చేరడమా, కొన్నాళ్లు ఉద్యోగం చేసి చేరడమా: ఏది మేలు?

మా అక్క కొడుకు కావలిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. కాథలిక్ గురువు (ఫాదర్) అవుతానంటున్నాడు. యూరప్‌లో మిషనరీగా సేవ చేయాలన్నది వాడి ఆశ. పరీక్షలు కాగానే గురువులను తయారుచేసే సెమినరీలో చేరాలా, రెండు మూడేళ్లు ఏదైనా ఉద్యోగం చేసి చేరాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. "దేవుడు పిలిచినప్పుడే పలకాలి గదా, ఆలస్యం ఎందుకు?" అంటుంది అక్క. వాడు నా వైపు తిరిగి "నువ్వు చెప్పు మామా" అన్నాడు. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచించుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

వాడు వెళ్లాలనుకునే యూరప్ సెక్యులర్ అంటారు, అంటే చాలామంది జీవితంలో మతానికి చోటు లేదని. కానీ ఆ మాటకు మన ఊళ్లలో ఉన్న అర్థం వేరు. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ చూడండి. నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునేవాళ్లలో ఎవరిది ఏ మతమో చెప్పలేం. అందరికీ ఏదో ఒక మొక్కు ఉంటుంది. దేవుడు అవసరమా అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. జర్మనీలో అలా కాదు. అక్కడ చర్చిలో సభ్యుడైతే ఆదాయపు పన్ను మీద ఇంకో ఎనిమిది, తొమ్మిది శాతం చర్చి పన్ను కట్టాలి. వద్దనుకుంటే ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లి పేరు తీయించుకోవచ్చు. 2022 ఒక్క సంవత్సరంలోనే 5,22,821 మంది కాథలిక్కులు పేర్లు తీయించుకున్నారు. కొందరికి చర్చిలో పిల్లల మీద జరిగిన అత్యాచారాలు చూసి కోపం, కొందరికి పన్ను భారం, ఇంకొందరికి అసలు అక్కర లేదనిపించింది. కోపంగా ఉన్నవాడి ముందు కూర్చుని వినొచ్చు, క్షమాపణ అడగొచ్చు. అక్కరే లేదనుకునేవాడితో మాట ఎక్కడ మొదలుపెట్టాలి? మా మేనల్లుడు నేర్చుకోవలసింది ఇదే. అంతదూరం పోనక్కర్లేదు, బెంగళూరులో ఉద్యోగాలకు వెళ్లిన మన విచారణల (పారిష్‌ల) పిల్లల్లో ఎంతమంది ఆదివారం పూజకు వెళ్తున్నారో అడిగి చూడండి.

నేరుగా చేరే దారిని నేను తేలిగ్గా తీసేయను. 1563లో కాథలిక్ బిషప్‌ల ట్రెంట్ మహాసభ ప్రతి మేత్రాసనానికీ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికీ) సెమినరీ ఉండాలని నిర్ణయించింది. అంతకుముందు పూజలో చదవాల్సిన లాటిన్ కూడా సరిగా రాని గురువులు ఎందరో ఉండేవాళ్లు. తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి కనీసం ఆరేళ్లు చదవాలని ఇప్పటి చర్చి చట్టం చెబుతోంది. హైదరాబాద్ రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ సెమినరీ లాంటి చోట ఏళ్ల తరబడి తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసిన అలవాటు, పరాయి దేశంలో పదిమంది కూడా లేని గుడిలో పూజ చేసేటప్పుడు గురువును నిలబెడుతుంది. పునీత చిన్న తెరేజమ్మ సంగతీ ఉంది. పదిహేనేళ్లకు మఠంలో అడుగుపెట్టి, ఇరవై నాలుగేళ్లకు అక్కడే కన్నుమూసింది. అలాంటి ఆమెను 1927లో వేదప్రచారానికి, అంటే మిషనరీ సేవకు, పాలక పునీతగా ప్రకటించారు. మా అక్క చూపే రుజువు ఇదే. దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఆ తెరేజమ్మ ఊరు లిజ్యూలోనే 1942లో ఇంకో రకం సెమినరీ తెరిచారు. ఫ్రాన్స్‌లో కార్మికులు చర్చికి పూర్తిగా దూరమైపోయారని చూసి, పారిస్ కార్డినల్ సుహార్డ్ 1941లో మిషన్ ద ఫ్రాన్స్ స్థాపించారు. ఆ సెమినరీ దానిదే. ఆ రోజుల్లోనే జాక్ లోయి అనే డొమినికన్ సంఘపు గురువు మార్సే ఓడరేవులో కూలీగా చేరాడు. సుమారు వందమంది గురువులు ఫ్యాక్టరీల్లో పనిచేశారు. 1954లో రోమ్ ఆపమంది. కొందరు లోబడ్డారు, కొందరు లోబడలేదు. ఆ గాయం చాలాకాలం మానలేదు. 1965లో మళ్లీ అనుమతి వచ్చింది. ప్రార్థన మూలం గట్టిగా లేకుండా జనంలోకి దూకితే ప్రమాదమని కొందరంటారు. అందులో నిజం ఉంది. అయినా కార్మికుడి పక్కన బరువు మోయకుండా అతని మనసు తెలియదన్న వాళ్ల మాట కూడా అంతే నిజం.

నన్ను ఒక వైపు మొగ్గేలా చేసింది మాత్రం మన ఊళ్లలో చూసిందే. సెమినరీలో చదివే కుర్రాడు, అంటే బ్రదర్, తెల్ల అంగీ వేసుకుని పల్లెకు వస్తే ముసలివాళ్లు కూడా లేచి నిలబడతారు. "బ్రదర్‌గారూ, కూర్చోండి" అని ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేస్తారు. అన్నం ముందు ఆయనకే. జనానికి అది ప్రేమ, తప్పు పట్టలేం. కానీ ఇరవై ఏళ్ల పిల్లవాడు ఎనిమిది తొమ్మిదేళ్లు ఇలా పెరిగితే, తను మాట్లాడితే అందరూ వింటారని అలవాటైపోతుంది. మ్యూనిక్‌లో ఎవరూ కుర్చీ వేయరు. అప్పుడు కుంగిపోతాడు, లేదా ఇంకా గట్టిగా మాట్లాడతాడు. రెండూ పనికిరావు.

మన మేత్రాసనానికి వచ్చిన మిల్ హిల్ ఫాదర్లను తలుచుకోండి. 1866లో లండన్‌లో పుట్టిన సంఘం వాళ్లది. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనానికి మొదటి బిషప్ విలియం బౌటర్ కూడా వాళ్లలోవాడే. ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్లు భాష రానివాళ్లు, మన దగ్గర అఆలు దిద్దుకున్నవాళ్లు. మనవాళ్లు యూరప్ వెళ్తే చేయాల్సిందీ అదే, పెద్దవయసులో చిన్నపిల్లాడిలా నేర్చుకోవడం.

కాబట్టి నా ఓటు ఉద్యోగానికే. అయితే కాథలిక్ స్కూల్ ఆఫీసులో కాదు, బ్రదర్ అని ఎవరూ పిలవని చోట. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసినా సరే, బెంగళూరు కంపెనీలో నైట్ షిఫ్ట్ చేసినా సరే. చెప్పిన పని ఆలస్యమైతే మాట పడాలి, పీఎఫ్ కట్ అయ్యాక చేతికొచ్చిన జీతంలో అద్దె కట్టాలి, పక్క సీటువాడు "పూజా? ఎందుకు?" అని మామూలుగా అడిగితే టెన్షన్ పడకుండా జవాబు వెతుక్కోవాలి. జీతం అలవాటై, పెళ్లి సంబంధాలు మొదలై వాడు తిరిగి రాకపోవచ్చు. అక్క భయం అదే. ఆ భయం నాకూ ఉంది. కానీ ఆ పిలుపు రెండేళ్ల జీతానికి తట్టుకోలేనిదైతే, గురుపట్టాభిషేకం అయ్యాక ఒంటరిగా మంచు ఊళ్లో ఎలా తట్టుకుంటుంది?

ఒక షరతు మాత్రం పెడతాను. ఆ రెండేళ్లూ రోజూ ప్రార్థన మానకూడదు, నెలకోసారి తన ఆధ్యాత్మిక గురువును కలవాలి. సెమినరీ సంవత్సరాల్లో ఒక్కటి కూడా తగ్గించమని అడగకూడదు. ఈ ఆదివారం పూజ అయ్యాక అక్క ఇంటికి వెళ్తున్నాను. వాడికి ఈ మాటలన్నీ అక్క ఎదురుగానే చెప్తాను.