చెక్క నమూనాల పెట్టె: కొన్నేళ్లు వాడాక

ఫర్నిచర్ సొంతంగా చేసుకునేవాళ్లయినా, వడ్రంగి చేత చేయించుకునేవాళ్లయినా ముందు ఒక చెక్క నమూనాల పెట్టె తయారు చేసుకోండని గట్టిగా చెబుతాను. నాది కొన్నేళ్లుగా వాడుతున్నాను. బల్ల కావచ్చు, బీరువా తలుపు కావచ్చు, దేవుడి మందిరం కావచ్చు, ఆ పెట్టె తెరవకుండా ఏ పనీ మొదలుపెట్టను.

షాపుల్లో ఇచ్చే వెనీర్ కేటలాగులతో నాకు పని జరగలేదు. కాగితం మందాన ఉండే పొరను చూస్తే చెక్క బరువు తెలియదు, ఉలికి ఎలా లొంగుతుందో అసలే తెలియదు. అందుకే అడితిలోనూ (కలప అమ్మే చోట) సా మిల్లులోనూ మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. అన్నీ 6 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. కొలత విషయంలో రాజీ పడొద్దు. కొలత ఒకటే అయితే చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోతుంది. బాగా ఆరిన టేకు ముక్క 140 గ్రాముల పైచిలుకు తూగుతుంది. తుమ్మ అంతకంటే బాగా బరువు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి అయితే టేకులో సగం కూడా ఉండదు. గోడకు తగిలించే అరను ఏ చెక్కతో చేయాలో ఇక్కడే సగం తేలిపోతుంది.

టేకు, వేప, వేగిస, నల్లమద్ది, మామిడి, తుమ్మ, పనస, దిరిసెన, పొణికి, ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు నా పెట్టెలో ఉన్నాయి. ప్రతి ముక్క ముందువైపునూ మూడు భాగాలు చేశాను. ఒకటి ఉత్త చెక్క, ఒకదానికి అవిసె నూనె, ఒకదానికి మెలమైన్ పాలిష్. వెనకవైపు సగానికి నల్ల కాగితం అంటించి కిటికీ దగ్గర పెట్టాను. నాకు ఎక్కువ ఉపయోగపడింది ఈ వెనకవైపే. పనస చెక్క కోసిన రోజు పసుపు ముద్దలా ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగులోకి దిగిపోతుంది. కాగితం తీస్తే రెండు రంగులూ పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్తగా చిత్రిక పట్టిన టేకు మీద పచ్చగా, నల్లగా మరకలు కనిపిస్తే చెక్క పాడైందని కంగారు పడేవాళ్లను చూశాను. కొన్ని వారాల వెలుతురుకు అవి చాలావరకు కలిసిపోతాయి. మాటలతో చెబితే నమ్మనివాళ్లు కూడా ముక్క చూపిస్తే టెన్షన్ వదిలేస్తారు.

వేగిస ముక్కను తడి తెల్లగుడ్డతో తుడిచి చూడండి, గుడ్డకు పసుపు అంటుతుంది. బట్టల బీరువా లోపలి పలకకు ఆ చెక్క వాడితే పాలిష్ గట్టిగా వేయాల్సిందే.

ఎండాకాలంలో, వానాకాలంలో చెక్క ఎంత కదులుతుందో కూడా ఈ ముక్కలే చెబుతాయి. రోహిణి కార్తెలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి వెర్నియర్‌తో (మిల్లీమీటరులో చిన్న భాగాలనూ కొలిచే సాధనం) వెడల్పు కొలుస్తాను. పాలిష్ లేని మామిడి ముక్కలో తేడా అర మిల్లీమీటరు దాకా వస్తోంది. 3 అంగుళాలకే అంత అంటే 2 అడుగుల వెడల్పున్న పలకకు 4 మిల్లీమీటర్లు. తలుపు చట్రంలో పలక బిగించేటప్పుడు గాడిలో ఆ మేరకు ఖాళీ వదలాలి, పలకకు జిగురు పెట్టకూడదు. పలక ఎలా కోశారన్నది కూడా చూడాలి. కొండల్లాంటి చారలున్న పలక, తిన్నటి గీతలున్న పలక కంటే అడ్డంగా ఇంచుమించు రెండింతలు కదులుతుంది. అందుకే టేకులో ఈ రెండు రకాల ముక్కలూ పెట్టుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. ఆరంగుళాల ముక్కలో పెద్ద పలక అందం కనపడదు. టేకుకైతే అడుగున్నర ముక్కలు విడిగా దాచుకోవాలి, ఎందుకంటే టేకు పేరుతో అమ్మేదంతా ఒకేలా ఉండదు. మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి వచ్చే టేకు పక్కన తోటల్లో పెంచిన ఘనా టేకు పెడితే చాలాసార్లు వలయాలు దూరదూరంగా, తెల్ల చెక్క (బెరడు వైపు ఉండే లేత భాగం) ఎక్కువగా కనిపిస్తుంది. రేటు తేడా ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. పుచ్చు ఇంకో సమస్య. మామిడికీ, ఏ చెక్కలోనైనా తెల్ల భాగానికీ అది త్వరగా పడుతుంది. బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లు పూసి ఆరబెట్టాకే పెట్టెలో పెట్టాలి, లేదంటే ఒక ముక్క నుంచి మిగతావాటికి పాకుతుంది.

డబ్బు పెద్దగా కాదు, ఓపికే కావాలి. ముక్కలన్నీ ఒకే మందానికి చిత్రిక పట్టి, 120 నంబరు గరుకు నుంచి 320 నంబరు నున్నటిదాకా ఎమ్రీ పేపర్ కొట్టడానికే ఎక్కువ సమయం పోతుంది. పేరు, కొన్న ఊరు, నెల, అప్పటి ఘనపుటడుగు ధర అంచు మీద పెన్సిల్‌తో రాయండి. అడితికి వెళ్లినప్పుడు చేవ (మాను నడిమి గట్టి భాగం) ఉన్న ముక్క ఒక్కటే కాకుండా, చేవా తెల్ల చెక్కా రెండూ కలిసి ఉన్నదాన్ని కూడా అడిగి తెచ్చుకోండి.