ఇంట్లో ఇంజన్ ఆయిల్ తీసే పంపు కొనేముందు పైపు సంగతి చూసుకోవాలి

హనుమకొండలో మా అపార్ట్‌మెంటు కింది పార్కింగులో మూడేళ్లుగా నా పెట్రోలు కారుకు ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుంటున్నాను. ఈ మూడేళ్లలో ఐదుసార్లు ఆయిల్ తీశాను, రెండు రకాల పంపులు కొన్నాను, నాలుగు రకాల పైపులు వాడి చూశాను. ఇలాంటి పంపు కొనాలనుకునేవారు మోటారు ఎన్ని వాట్లది, నిమిషానికి ఎన్ని లీటర్లు లాగుతుంది అన్నదే ముందు అడుగుతారు. నేను కూడా మొదట అదే చూసి కొన్నాను. తీరా పనిలోకి దిగాక తెలిసిందేమంటే, ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ ఉండే గొట్టంలోకి దిగే సన్నని పైపు ఎంత లావున్నది, ఎంత పొడవున్నది, వేడికి ఆగుతుందా ఆగదా అన్నదాన్ని బట్టే ఈ పనికి పది నిమిషాలు పడుతుందా, గంట పడుతుందా అనేది తేలుతుంది.

ఆయిల్‌ను కింది నుంచి వదలకుండా పైనుంచి తీయవలసిన అవసరం నాకు ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఒక సర్వీసు కేంద్రంలో ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టును శక్తికొద్దీ బిగించడంతో, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే అల్యూమినియం చాంబర్‌లో థ్రెడ్ (మరలు) చెడిపోయింది. ఉదయం కారు తీస్తే కింద నల్లటి చుక్కలు కనిపించేవి. ఆ తర్వాత మరొక మెకానిక్ దగ్గర థ్రెడ్ బాగుచేయించుకున్నాను. ఆయన ఆ బోల్టును మాటిమాటికీ విప్పకపోవడమే మంచిదని చెప్పాడు. పైగా మా పార్కింగులో కారును జాకీమీద లేపి కిందికి దూరే చోటు లేదు, అలా జాకీనొక్కదాన్నే నమ్ముకొని కారు కింద పడుకోవడం ప్రమాదం కూడా. పడవల ఇంజన్లకు అడుగున చోటు ఉండదు కాబట్టి వాటి ఆయిల్‌ను ఎప్పటినుంచో పంపుతో పైనుంచే తోడుతారు. అదే పద్ధతి కారుకూ పనికొస్తుంది.

మొదట కొన్నది బ్యాటరీకి తగిలించే చిన్న మోటారు పంపు. 12 వోల్టులు, 60 వాట్లు, 5 ఆంపియర్లు అని పెట్టెమీద ముద్రించి ఉన్నది. దానికి నేను ఇచ్చింది 1,450 రూపాయలు. ఎరుపు, నలుపు క్లిప్పులు రెండు, ఆయిల్ లాగడానికి ఒక సన్నని పైపు, బయటికి వదలడానికి కొంచెం లావు పైపు దానితో వచ్చాయి. లాగే పైపు పొడవు రెండు మీటర్లు, లోపలి బెజ్జం సుమారు మూడు మిల్లీమీటర్లు. ఒక జనవరి ఉదయం, రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ నుంచి ఆయిల్ తీయడానికి కూర్చున్నాను. అంత చల్లని ఆయిల్‌ను తోడకూడదని నాకు అప్పుడు తెలియదు. పారదర్శకమైన పైపులో నల్లటి ఆయిల్ పాదరసం ఎక్కినట్టు మెల్లగా పైకి పాకింది. మధ్యమధ్యలో గాలిబుడగలు వచ్చి ఆయిల్ పోగు తెగిపోయేది, మళ్లీ అతికేది. ఇరవై నిమిషాలకు పంపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆపి, చల్లార్చి, మళ్లీ నడిపి మూడు లీటర్లు తీసేసరికి గంటన్నర దాటింది. ఆ రోజు నేను తప్పు పంపుదే అనుకున్నాను.

నిజానికి ఏ పంపు అయినా ఆయిల్‌ను లాగేది ఒక పరిమితికి లోబడే. పైపులో గాలి తగ్గితే బయటి వాతావరణ పీడనం ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది, జరిగేది అంతే. ఆ నెట్టే బలం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోకు మించదు, మోటారు అరవై వాట్లదైనా ఆరువందల వాట్లదైనా సరే. అందువల్ల మనం మార్చగలిగినవి మూడే ఉన్నాయి: ఆయిల్ వేడి, పైపు పొడవు, పైపు లోపలి వ్యాసం. వీటిలో వ్యాసం ప్రభావం మనం ఊహించేదానికన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే ఇలాంటి చిక్కటి ద్రవం నిమిషానికి ప్రవహించే పరిమాణం వ్యాసానికి నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల బెజ్జం బదులు నాలుగు మిల్లీమీటర్ల బెజ్జం పెడితే ప్రవాహం మూడు రెట్లు దాటుతుంది. దానికి తోడు పొడవును రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు తగ్గిస్తే ఆరు రెట్లు అవుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు ఇంత ఫలితం ఉంటుందని కాగితంమీద లెక్క వేసుకున్నాకే నాకు నమ్మకం కుదిరింది.

వేడి సంగతీ అంతే. 5డబ్ల్యూ-30 రకం ఇంజన్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంతో పోలిస్తే 40 డిగ్రీల దగ్గర దాదాపు ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది, జనవరి ఉదయపు చలిలో ఇంకా ఎక్కువ. అలాగని బండి ఆపగానే తోడడానికి పూనుకుంటే చేతులు కాలుతాయి, పైపు మెత్తబడుతుంది. నేను హనుమకొండ నుంచి కాజీపేట దాకా వెళ్లి వచ్చి, బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు ఆగుతాను. ఆయిల్ సుమారు 60 డిగ్రీలకు వస్తుంది. మే నెలలో అయితే ఇంకొంచెం సేపు ఆగవలసి ఉంటుంది.

రెండో పంపు చేత్తో కొట్టేది. ఆరు లీటర్ల గట్టి ప్లాస్టిక్ ట్యాంకు, దానిమీద సైకిల్ పంపులాంటి పిడి, పక్కన లీటర్ల గీతలు. దీనికి 4,200 రూపాయలు అయింది. పిడిని పదిహేను ఇరవైసార్లు కొడితే ట్యాంకులో గాలి తగ్గుతుంది, ఆ తర్వాత ఆయిల్ తనంతట తానే వచ్చి పడుతుంది. కరెంటు అక్కరలేదు, వేడెక్కేది ఏదీ లేదు. నాకు అన్నిటికన్నా నచ్చినది, ఆయిల్ పంపులోంచి పోకుండా నేరుగా ట్యాంకులో పడడం. మోటారు పంపులో మడ్డి, లోహపు రజను పళ్లచక్రాల మధ్యనుంచే పోతాయి కాబట్టి అది రానురాను అరుగుతుంది. ట్యాంకు గీతలమీద ఎంత ఆయిల్ వచ్చిందో అక్కడికక్కడే తెలుస్తుంది కూడా. ధర దాదాపు మూడు రెట్లు అయినా ఇదే కొనమని చెబుతాను. ఖర్చు తగ్గుతుందని మంచినీళ్ల డబ్బాకు పైపులు అమర్చి ఇలాంటిదే తయారుచేయాలని ఎవరూ అనుకోవద్దు. ఆ పలుచని డబ్బా లోపలికి అణిగిపోతుంది, వేడి ఆయిల్ ఉన్నప్పుడు అది చీలితే మనిషికి దెబ్బ.

మోటారు పంపుమీద ఒక హెచ్చరిక: దానితో పెట్రోలు తోడకూడదు. దాని మోటారు లోపల నిప్పురవ్వలు పుడతాయి. ఇంజన్ ఆయిల్‌కు, డీజిల్‌కు అని రాసి ఉన్నదాన్ని వాటికే వాడాలి.

ఇక పైపులు. మొదట నా చేతికి అందినది మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపు. ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా మీటర్ల లెక్కన దొరుకుతుంది, లోపల ఆయిల్ పారడం స్పష్టంగా కనిపిస్తుంది. కానీ అది వేడి ఆయిల్ తగిలిన రెండు నిమిషాలకే తడిసిన తాడులా వంగిపోయి, లాగే ఒత్తిడికి మధ్యలో చప్పిడిగా అతుక్కుపోయింది. పంపు చప్పుడు మారింది కానీ ఆయిల్ కదలలేదు. బయటికి వదిలే వైపు ఆ పైపు పనికొస్తుంది, లాగే వైపు ఎంతమాత్రం పనికిరాదు. లాగే వైపు పైపు గోడలు గట్టిగా ఉండి తీరాలి.

తర్వాత వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు గాలి ఒత్తిడితో నడిచే యంత్రాల సామాన్లు అమ్మే ఒక దుకాణానికి వెళ్లి, నీలిరంగు పాలీయురేథేన్ పైపు చూపించి ఇది కావాలన్నాను. దేనికని అడిగి తెలుసుకున్న దుకాణదారు, "సార్, ఇది గాలి లైన్లకు వాడే పైపు. వేడి ఆయిల్ల పెడితే మెత్తగైతది. నైలాన్‌ది తీస్కపోండ్రి, కొంచెం గట్టిగుంటది గని ఆగుతది" అన్నాడు. తన దగ్గర ఉన్నది అంటగట్టకుండా పనికి తగినది ఇచ్చిన ఆ మనిషికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. అయినా రెండూ చెరొక మీటరున్నర కొన్నాను. ఆయన చెప్పినట్టే జరిగింది. పాలీయురేథేన్ పైపు ఒకసారికి పని చేసింది, డిప్‌స్టిక్ గొట్టం మలుపు దగ్గర మాత్రం మెత్తబడి నొక్కుకుపోయింది. నైలాన్ పైపు, బయట ఆరు లోపల నాలుగు మిల్లీమీటర్లది, ఆ తర్వాత ఎన్నిసార్లు వాడినా అదే ఆకారంలో ఉన్నది. టెఫ్లాన్ పైపు వేడికి అన్నిటికన్నా బాగా ఆగుతుంది, కానీ ఖరీదు ఎక్కువ, ఒకసారి మడత పడితే ఆ మడత పోదు. నేను దాన్ని అలా ఒకటి పాడుచేసుకున్నాను. 60 డిగ్రీల ఆయిల్‌కు నైలాన్ చాలు.

మీ కారు డిప్‌స్టిక్ గొట్టంలో ఎంత లావు పైపు పడుతుందో కొనేముందే చూసుకోవాలి, గొట్టం ఒప్పుకున్నంత లావైనదే తీసుకోవాలి. సన్నని పైపును ఇంజన్ లోపలికి అవసరమైనంత మేరకే ఉంచి, బయటికి రాగానే సన్న పైపును లావు పైపుకు అతికే రిడ్యూసర్‌తో ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జం ఉన్న నైట్రైల్ రబ్బరు పైపుకు కలిపాను. మామూలు రబ్బరు ఆయిల్‌కు ఉబ్బి పాడవుతుంది, నైట్రైల్ అని అడిగి తీసుకోవాలి. అతుకుల దగ్గర స్క్రూ క్లిప్పులు బిగించాలి. ఆయిల్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నాయంటే ఎక్కడో అతుకు గాలి పీలుస్తున్నదని అర్థం. మొదటిసారి నాకు వచ్చిన బుడగలు కూడా చాలావరకు అలా వచ్చినవే.

పైపు కొసను పెన్ను పాళీలాగా ఏటవాలుగా కోయాలి, లేకపోతే అది చాంబర్ అడుగుకు అతుక్కొని మూసుకుపోతుంది. డిప్‌స్టిక్ పొడవును పైపుమీద టేపుతో గుర్తు పెట్టుకొని, గుర్తు దాటి మూడు నాలుగు సెంటీమీటర్లు, అడుగు తగిలినట్టు చేతికి తెలిసేదాకా దింపాలి. ఇంకా తోస్తే లోపల చుట్టుకొని కొస ఆయిల్ పైకి తేలుతుంది. పైన ఆయిల్ మూత తీసి ఉంచాలి, ఆయిల్ బయటికి వచ్చినకొద్దీ ఆ దారిన గాలి లోపలికి పోతుంది. చివర్లో స్ట్రాతో గ్లాసు అడుగు పీల్చిన శబ్దం వస్తుంది. అప్పుడు పైపును ఒక అంగుళం లేపి, తిప్పి, మళ్లీ దింపితే ఇంకో పావు లీటరు దాకా వస్తుంది. ఈ ఒక్క పని చేయక చాలామంది ఆయిల్ అంతా వచ్చేసిందనుకుంటారు.

చేతి పంపు, నైలాన్ పైపు, వెచ్చని ఆయిల్ ఈ మూడూ కుదిరాక మూడు లీటర్లు రావడానికి పట్టింది ఎనిమిది నిమిషాలు. అడుగున ఎంత మిగిలిందో తెలుసుకోవాలన్న పట్టుదలతో ఒకే ఒక్కసారి ఆ డ్రెయిన్ బోల్టు విప్పించి చూశాను. కొలపాత్రలో పడింది 120 మిల్లీలీటర్లు. బోల్టు విప్పినా చాంబర్‌లో కొంత మిగలనే మిగులుతుంది కాబట్టి ఇది నాకు సమ్మతమే. అయితే అన్ని ఇంజన్లలో డిప్‌స్టిక్ దారి చాంబర్ అడుగుదాకా పోదు. మొదటిసారి వచ్చిన ఆయిల్‌ను కారు పుస్తకంలో ఇచ్చిన లెక్కతో పోల్చి చూడకుండా కొత్త ఆయిల్ పోయవద్దు. లోపల అర లీటరు మిగిలి ఉండగా పూర్తి కొలత పోస్తే లెవెల్ మించి ఇంజన్‌కు చేటు.

ఫిల్టర్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. నా కారులో ముందు చక్రాన్ని పూర్తిగా పక్కకు తిప్పితే ఫిల్టర్ చేతికి అందుతుంది. మీ కారులో అది కింది నుంచే విప్పవలసి ఉంటే ఎలాగూ కిందికి దూరాలి, అప్పుడు ఈ పంపుకు డబ్బు పెట్టడం దండగ. మోటారు సైకిళ్లకు, ట్రాక్టర్లకు డ్రెయిన్ బోల్టు సులువుగా అందుతుంది కాబట్టి వాటికీ దీని అవసరం లేదు.

తీసిన ఆయిల్‌ను ఏం చేస్తారన్నది పంపు కొనకముందే నిర్ణయించుకోవాలి. 2016 నాటి నియమాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మా వైపు ఊళ్లలో చెద పట్టకుండా దూలాలకు, గుంజలకు కాలిన ఆయిల్ పూసే అలవాటు ఉన్నది, అలా అడిగేవారికి కూడా ఇవ్వకపోవడమే మేలు, ఎందుకంటే అది చర్మానికీ మట్టికీ మంచిది కాదు. ఇక మోరీలో పారబోయడం మాట తలవనే తలవొద్దు. మా ఊరు తాగే నీళ్లలో వడ్డేపల్లి చెరువువీ ఉన్నాయి. నేను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది నింపి, మూత బిగించి, పాత ఆయిల్‌ను పీపాలలో జమచేసి రీసైక్లింగ్‌కు పంపే ఒక గ్యారేజీలో ఇచ్చి వస్తాను. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఆ గ్యారేజీ మేస్త్రీ డబ్బా ఎత్తి చూసి, ఇందులో నీళ్లుగానీ బ్రేక్ ఆయిల్‌గానీ కలపలేదు కదా అని అడిగాడు. కలిపితే పీపా మొత్తం పనికిరాకుండా పోతుందట. అప్పటినుంచి ఆ ట్యాంకును, పైపులను ఇంజన్ ఆయిల్‌కు తప్ప వేరే దేనికీ వాడడం లేదు.