ఇంట్లో నీటి నిల్వకు పెద్ద ట్యాంకా, చిన్న డబ్బాలా?

ఖర్చు: ట్యాంకుకు దిమ్మె, గొట్టాలు కూడా కావాలి, డబ్బాలను వీలునుబట్టి ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు.

శ్రమ: ట్యాంకు సరఫరా వచ్చినప్పుడు తనంతట తానే నిండుతుంది, 20 లీటర్ల డబ్బా నిండితే 20 కిలోలు దాటుతుంది కనుక వృద్ధులున్న ఇంటికి అందులో సగం పరిమాణమే మేలు.

ప్రమాదం: వెయ్యి లీటర్ల నీరు ఒక టన్ను బరువుంటుంది కాబట్టి పైకప్పు దాన్ని మోయగలదో లేదో ముందే ఇంజనీరుతో చూపించుకోవాలి; పైగా ట్యాంకు కలుషితమైతే నిల్వ మొత్తం పాడవుతుంది, డబ్బాల్లోనైతే నష్టం ఒక్కదానితో ఆగుతుంది. మూత బిగువుగా లేకపోతే దోమలు రెండింటిలోనూ పుడతాయి.

మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లన్న స్ఫియర్ ప్రమాణాన్ని (విపత్తుల్లో సహాయ సంస్థలు పాటించే కొలమానం) బట్టి నలుగురికి రోజుకు 60 లీటర్లు కావాలి. అందువల్ల రెండు మూడు రోజుల నీటి కోతలకు, అద్దె ఇళ్లకు డబ్బాలు సరిపోతాయి. వారాల తరబడి ఎద్దడి ఉండే సొంత ఇంటికి ట్యాంకే తగినది, తాగునీటిని మాత్రం అప్పుడూ విడిగా డబ్బాల్లోనే ఉంచుకోవాలి.