బంగారు మేకు ఇంటి పక్కనే, దాని కథ మాత్రం 800 మైళ్ల అవతల

మా నాన్న కాజీపేట వైపు రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పట్టాలు, స్లీపర్లు, కంకర, గ్యాంగ్‌మెన్... ముప్పై ఏళ్లు ఆయనకు అదే లోకం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు అందరిలాగే గోల్డెన్ గేట్‌కి తీసుకెళ్లాను. పది నిమిషాలు చూసి "ఇంక పోదామా" అన్నారు. ఈయనకు చూపించాల్సినవి వేరే అని అప్పుడు అర్థమైంది. ఆగస్టు చివర్లో అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టుకుని, శాక్రమెంటో నుంచి యూటాలోని ప్రోమంటరీ దాకా, 1869లో పూర్తయిన మొదటి ఖండాంతర రైలు మార్గం వెంబడి ఆరు రోజులు తిరిగొచ్చాం. ఏది చూడొచ్చు, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది రాస్తున్నాను.

ముందు ఓల్డ్ శాక్రమెంటోలోని కాలిఫోర్నియా స్టేట్ రైల్‌రోడ్ మ్యూజియం. దీనికి కనీసం మూడు గంటలు పెట్టుకోండి. పిల్లలున్నా పెద్దవాళ్లున్నా విసుగు రాదు. నిజం ఇంజిన్ల పక్కనే నడుస్తాం. ఒక స్లీపర్ కోచ్ లోపలికి వెళ్తే నేల కదులుతుంది, కిటికీల బయట దీపాలు వెళ్లిపోతుంటాయి. అమ్మ గబుక్కున రాడ్ పట్టుకుని "ఇదేంట్రా, బండి కదిలింది!" అంది. బయట చెక్క కాలిబాటలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెల్లగా నడవాలి.

ఈ లైను వేసిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీ పెద్దలు నలుగురూ ఈ ఊరి వర్తకులే. హంటింగ్టన్, హాప్‌కిన్స్‌లది ఇనప సామాన్ల కొట్టు, క్రాకర్‌ది బట్టల కొట్టు, స్టాన్‌ఫర్డ్‌ది కిరాణా. 1862లో లింకన్ సంతకం పెట్టిన చట్టంతో వాళ్లకు మైలు లెక్కన భూములూ, అప్పూ దొరికాయి. మైదానంలో మైలుకు 16,000 డాలర్ల అప్పు, కొండల్లో 48,000. ఊరు దాటి ఏడు మైళ్లు పోయారో లేదో, చదును నేల మీదే సియెర్రా కొండలు మొదలయ్యాయని కాగితం రాయించేశారు. నాన్న పడీపడీ నవ్వారు. "మా దగ్గర కాంట్రాక్టర్లు ఎం.బి.లో (కొలతల పుస్తకంలో) లెక్కలు రాయించుకున్నట్టే ఉంది" అని.

అక్కడి నుంచి సియెర్రా కొండల మీది డోనర్ సమ్మిట్ గంటన్నర దారి. నా ఓటు దీనికే. టికెట్ లేదు, గైడ్ లేడు, టాయిలెట్ కూడా చూసుకుని రావాలి. సుమారు ఏడు వేల అడుగుల ఎత్తులో, పాత హైవే పక్కన, రెండు సొరంగాల మధ్య ఒక రాతి గోడ నిలబడి ఉంటుంది. దాని పేరు చైనా వాల్. చైనా కూలీలు సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా, గ్రానైట్ రాళ్లను చెక్కి ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. 1993 దాకా దీని మీదుగా రైళ్లు నడిచాయి. నాన్న గోడ కిందిదాకా ఎక్కి, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి రెండు రాళ్ల సందులో పెట్టి చూశారు. మొన మాత్రమే దిగింది. ఇంకో చోట పెట్టారు. అక్కడా అంతే. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పక్కనే ఉన్న ఆరో నంబరు సొరంగం పొడవు 1,659 అడుగులు. తుపాకిమందుతో పేలుస్తుంటే ఒక్కో వైపు రోజుకి అడుగు, ఇంకాస్త మాత్రమే సాగేది. పైనుంచి బావిలాంటి గొయ్యి తవ్వి, మధ్యలోకి దిగి అటూ ఇటూ కూడా తొలిచారు. 1866-67 చలికాలంలో కూలీలు మంచు కింద దారులు తవ్వుకుని పనికి వెళ్లేవారు. జీతం నెలకు 30 డాలర్ల పైచిలుకు, తిండి ఖర్చు వాళ్లదే. తెల్ల కూలీలకు తిండీ బసా కంపెనీవి. 1867 జూన్‌లో వేల మంది చైనా కూలీలు సమ్మె చేస్తే క్రాకర్ కొట్టలేదు, తిట్టలేదు, తిండి సామాను రావడం ఆపేశాడు. వారంలో సమ్మె ముగిసింది.

చాలామంది సొరంగాల్లోకి వెళ్తున్నారు, లోపలంతా రంగులతో రాతలు. అది రైల్వే కంపెనీ స్థలం, వెళ్లకూడదు. "పట్టాల మీద నుంచి జనాన్ని తరిమి తరిమి రిటైరయ్యాను, ఇప్పుడు నేనే వెళ్తానా" అన్నారు నాన్న.

రాత్రి బసకు నెవాడాలోని రీనోలో క్యాసినో హోటళ్లు చవగ్గా కనిపిస్తాయి. బుక్ చేసే ముందు రిసార్ట్ ఫీజు కలిపి చూసుకోండి. లిఫ్ట్ దాకా సిగరెట్ పొగలోంచే నడవాలి, నాన్న దగ్గుతూనే ఉన్నారు. క్యాసినో లేని మామూలు హోటలే నయం. రెండో రాత్రి ఎల్కోలో ఆగాం, అక్కడ ఫిర్యాదేమీ లేదు. మూడో రోజు వెండోవర్ దాటాక ఉప్పు మైదానం వస్తుంది. అమ్మ వంగి చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుంది. మన చెప్పులు పాడవుతాయి, వేరే జత పెట్టుకోండి.

ప్రోమంటరీకి దగ్గర్లో బస అంటే బ్రిగమ్ సిటీ గానీ ట్రెమాంటన్ గానీ. రెండు రాత్రులకు బ్రిగమ్ సిటీలో ఒక మోటెల్ తీసుకున్నాం. అమ్మకి మెట్లు కష్టం, కింది గదే కావాలని ఫోన్ చేసి మరీ చెప్పాను. తీరా వెళ్తే పై అంతస్తు, లిఫ్ట్ లేదు. "సిస్టమ్‌లో లేదు" అన్నది ఒక్కటే మాట. మర్నాటికి మార్చారనుకోండి, కానీ ఆ రాత్రి అమ్మ ఒక్కో మెట్టూ కూర్చుని దిగింది. చెప్పడం చాలదు, మెయిల్లో రాయించుకోండి. ఆ ఊరి మంచితనం రోడ్డు మీద ఉంది: హైవే 89 వెంబడి పీచ్ పళ్ల కొట్లు. పచ్చివి చూసి పప్పులో వేస్తే బాగుంటాయంది అమ్మ. ఇంటికొచ్చాక వేసింది కూడా, బాగానే ఉంది.

ప్రోమంటరీ అక్కడికి 32 మైళ్లు. దారిలో కొరిన్ అనే ఊరు దాటాక పెట్రోలు లేదు, సిగ్నల్ సరిగా ఉండదు, లోపల భోజనం దొరకదు. పులిహోర కట్టుకుని వెళ్లాం. 1869 మే 10న పడమటి నుంచి వచ్చిన సెంట్రల్ పసిఫిక్, తూర్పు నుంచి వచ్చిన యూనియన్ పసిఫిక్ కంపెనీల పట్టాలు కలిసి, గుర్తుగా ఆఖరి మేకు బంగారంతో చేసి పెట్టిన చోటు ఇదే. జూపిటర్, 119 అనే రెండు ఇంజిన్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. అసలువి ఎప్పుడో తుక్కుకి పోయాయి, ఇవి 1979లో చేసిన నకళ్లు. అయినా నిజంగా నడుస్తాయి. ఒకటి కట్టెలతో, ఇంకోటి బొగ్గుతో. చలికాలంలో షెడ్డులో పెట్టేస్తారు, అప్పుడు వెళ్తే దూరం దండగ. మే నుంచి అక్టోబరు మొదటి వారాల లోపు వెళ్లండి, ఏ రోజు నడుపుతారో ముందే కనుక్కోండి.

ఇంజిన్ దగ్గరున్న సిబ్బందికి నాన్న మన బ్రాడ్‌గేజ్ అయిదడుగుల ఆరంగుళాలని చేతులు చాపి చూపించారు. వీళ్లది నాలుగడుగుల ఎనిమిదిన్నర. అతను సరదాపడి పావుగంట ఇంజిన్ చుట్టూ తిప్పాడు. ఈ యాత్ర మొత్తంలో అంత ఓపికతో మాట్లాడిన మనిషి అతనొక్కడే.

ఆపైన బిగ్ ఫిల్ అనే కాలిదారిలో నడిచాం. అక్కడ పక్కపక్కనే రెండు రైలు కట్టలు. మైలుకింత అని డబ్బొస్తుంది కాబట్టి రెండు కంపెనీలూ ఒకదాన్నొకటి దాటుకుని కట్టలు పోసుకుంటూ పోయాయి. చివరికి ఎక్కడ కలవాలో కాంగ్రెస్ చెప్పాల్సొచ్చింది.

ఒక్క రోజులో పది మైళ్లు పట్టాలు వేశారని చెప్పే బోర్డు కూడా ఉంది, ఆ రోజు 1869 ఏప్రిల్ 28. లెక్క 3,520 పట్టాలు, ఒక్కోటి ముప్పై అడుగులు. పట్టాలెత్తిన ఎనిమిది మంది ఐరిష్ కూలీల పేర్లు చరిత్రలో ఉన్నాయి. "స్లీపర్లు సర్దినవాళ్లు, మేకులు కొట్టినవాళ్లు, కంకర కొట్టినవాళ్లు? మస్టరు ఉండాలిగా?" అన్నారు నాన్న. ఆ మిగతావాళ్లలో వేల మంది చైనావాళ్లు, వాళ్ల పేర్లు అలా మిగల్లేదు. పదమూడేళ్లకు, 1882లో, చైనా కూలీలు దేశంలోకి రాకూడదని చట్టం చేశారు. 1917లో మన దేశాన్నీ అలాంటి జాబితాలో చేర్చారు. వీసా స్టాంపింగ్ టెన్షన్‌లో ఉన్న నాకు ఆ సంవత్సరం గుర్తుండిపోయింది.

నాలుగో రోజు సాయంత్రం ఐడహోలో ప్రెస్టన్ దగ్గర బేర్ రివర్ ఒడ్డుకి వెళ్లాం. 1863 జనవరి 29న సైన్యం షోషోనీ తెగవాళ్లని వందల మందిని చంపిన చోటు. రోడ్డు పక్కన ఆగి చదువుకునే ఫలకాలున్నాయి. పాత ఫలకం దాన్ని యుద్ధం అంటుంది. 2018లో తెగవాళ్లే ఆ నేలలో కొంత కొనుక్కున్నారు. అక్కడ ఫొటోలు తీయబుద్ధి కాలేదు.

అసలు బంగారు మేకు ప్రోమంటరీలో లేదు. అది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని కాంటర్ మ్యూజియంది, మా ఇంటికి అరగంట. ప్రవేశం ఉచితం, ప్రదర్శనలో ఉందో లేదో చూసుకుని వెళ్లండి. తిరిగొచ్చిన మర్నాడే వెళ్లాం. నాన్న అద్దానికి ముక్కు ఆనించి చదివి "ఇదేంటి, మే 8 అని ఉంది?" అన్నారు. ముందనుకున్న తేదీ అదే. యూనియన్ పసిఫిక్ పెద్ద డ్యురాంట్ వస్తుంటే దారిలో వయోమింగ్‌లో జీతాలు బకాయిపడ్డ కూలీలు అతని బోగీని ఆపేశారు, దానికి తోడు వానలు. రెండు రోజులు ఆలస్యమైంది. నాన్న ఆ సంగతి రాసి తన రిటైర్డ్ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కాజీపేట నుంచి నిమిషంలో జవాబొచ్చింది: "బండి రెండు రోజులేగా లేటు, జీతాలెప్పుడిచ్చారట?"