నెల్లూరులో లక్కీ డ్రా కూపన్లు నింపేవాళ్లు జాగ్రత్త, మా పాప ముద్దుపేరు కూడా ఫోన్ల వాళ్లకి చేరిపోయింది

ఇప్పుడే షోరూమ్ నుంచి ఇంటికొచ్చా. చేతులు ఇంకా వణుకుతుండాయి. పేరు రాయను, పండగ ఆఫర్లకి మనందరం పోయే చోటే, ఊళ్లో వాళ్లకి అర్థమైపోద్ది. సంక్రాంతికి కంతుల మీద ఫ్రిజ్ తీసుకున్నాం. బిల్లు కాడ లక్కీ డ్రా కూపన్ ఇచ్చారు. పేరు, ఫోన్ నంబరు, ఏం పని, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, అన్నిటికీ గళ్లే. మా ఆవిడ పాప పేరు దగ్గర ఇంట్లో పిలిచే పేరే రాసింది, బుజ్జమ్మ అని.

ఆ పేరు ఆధార్‌లో లేదు, కాలేజీలో లేదు. మా ఇంట్లో, మా వీధిలో తప్ప ఎవరికీ తెలీదు. ఎండాకాలం వచ్చేసరికి ఫోన్లు మొదలు. "బుజ్జమ్మ వాళ్ల నాన్నగారేనా సార్? పాపకి ఇంజనీరింగ్ సీటు గురించి మాట్లాడాలి." ఆ తర్వాత బంగారం మీద అప్పిచ్చేవాళ్లు. అందులో ఒకాయన "కంతు కట్టడం కష్టంగా ఉందంట కదా సార్, మేం సర్దుతాం" అన్నాడు. నా కంతు సంగతి వాడికెట్టా తెలిసింది?

అది అడగడానికే ఈ రోజు పోయా. కౌంటర్లో పిల్లోడు నా నంబరు కొట్టి, "ఇదేనా సార్" అని మానిటర్ నా వైపు తిప్పాడు. ఒక వరసలో నా పేరు, ఊరు ఇందుకూరుపేట, పని రొయ్యల గుంటలు, పక్కన "బుజ్జమ్మ, ఇంటర్ సెకండ్ ఇయర్". ఆ పక్క గడి ఎర్రరంగు. "సి. లేటు. ఒత్తిడి చేస్తే కడతాడు." నా పై వరసలో ఎవరో ఆవిడ పేరు, దాని పక్కన "ఏ. చెప్తే కొంటుంది." పిల్లోడు గబుక్కున తిప్పేసుకున్నాడు గానీ నేను చదివేశా.

కంతు ఆలస్యమైన మాట నిజమే. తెల్లమచ్చ వైరస్ తగిలి గుంటంతా పోయింది. పట్టుబడికి ముందే రొయ్య చచ్చిపోతే చేతికి పైసా రాదు, మా వైపు ఎవరినడిగినా చెప్తారు. ఆ తర్వాత ఫైన్‌తో సహా కట్టేశా. ఆ గడిలో అదేదీ లేదు, "సి" మాత్రం ఉంది.

మేనేజర్‌ని పిలిచి నా వివరాలు తీసెయ్యమన్నా. "మీరే రాసిచ్చారు కద సార్, కింద సంతకం కూడా మీదే" అన్నాడు. పాప పేరు బయటోళ్లకి ఎట్టా పోయిందయ్యా అంటే, "మీ పాపకి మంచి కాలేజీ దొరికితే మీకే మంచిది కదా, ఎందుకు సార్ అంత కోపం" అని నవ్వాడు. అందరి ముందూ నవ్వాడు. ఒక ఆడపిల్ల తండ్రి అడుగుతుంటే నవ్వాలనెట్టా అనిపించింది? డ్రా తీయడానికి ఇచ్చిన కాగితం అది. దాన్ని పెట్టుకుని, వేలంలో పొగాకు బేళ్లకి వేసినట్టు మనుషులకి గ్రేడ్లు వేసే హక్కు వీళ్లకెవరిచ్చారు?

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం కూడా చేశారు. ఏ పనికని చెప్పి వివరాలు తీసుకున్నారో ఆ పనికే వాడాలి. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లల మీద గురిపెట్టి ప్రకటనలు చేయకూడదు. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. కానీ రూల్స్ 2025 నవంబర్లో గానీ రాలేదు, అందులోనూ అసలు బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరేలోపు మన పిల్లల పేర్లు ఎన్ని చేతులు మారతాయో ఎవరు చెప్తారు?

కూపన్లలో పిల్లల గళ్లు ఖాళీగా వదిలేయండి. నంబరు చెప్తేనే బిల్లిస్తామంటే ఒప్పుకోవద్దు, అట్టా పట్టుబట్టొద్దని వినియోగదారుల శాఖ 2023 మేలోనే షాపులకి చెప్పింది. ఆధార్ అడిగితే చివరి 4 అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. ఈ అమ్మకాల ఫోన్లు ఆగాలంటే 1909 నంబరుకి ఫోన్ చేసి డీఎన్‌డీ, అంటే ఇట్టాంటి ఫోన్లు వద్దని నమోదు, పెట్టించుకోండి. నేను రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తున్నా. అదే షోరూమ్‌లో కూపన్ నింపి, ఇట్టాంటి ఫోన్లు వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ చేయండి.